మటనా, అన్నమా, ఆపిలా: ఏది తగ్గించాలి?

ప్రశ్న: మేం ఇంట్లో ఐదుగురం. డిగ్రీ చదివే మా అబ్బాయితో ఈ మధ్య తిండి దగ్గర రోజూ గొడవే. పర్యావరణం పాడవుతోందని ఆదివారం మటన్ వద్దంటాడు, అన్నం తగ్గించి జొన్న రొట్టె తిందామంటాడు, సిమ్లా ఆపిల్ అంత దూరం నుంచి లారీలో వస్తుంది కాబట్టి అదీ వద్దంటాడు. అన్నం లేకపోతే తిన్నట్టే ఉండదని మా అత్తమ్మ. మధ్యలో నాకు టెన్షన్. మాలాంటి ఇంట్లో నిజంగా ఏం మార్చుకుంటే మేలు?
– ఒక గృహిణి, ఉప్పల్

జవాబు: ముందు ఆపిల్ సంగతి తేల్చేద్దాం. అక్కడ మీ అబ్బాయి పొరబడ్డాడు. 119 దేశాల్లో దాదాపు 38,000 పొలాల లెక్కలు తీసిన ఒక పెద్ద అధ్యయనం 2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. తిండి వల్ల గాల్లో కలిసే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా చాలా చిన్నదని అందులో తేలింది. విమానంలో వచ్చే పండ్ల మాట వేరు గానీ, లారీలో వచ్చే ఆపిల్ నిశ్చింతగా తినండి.

మటన్ విషయంలో మాత్రం అతని మాట నిజం. మేకలు, గొర్రెలు నెమరేసే జీవాలు. మేసిన గడ్డి వాటి కడుపులో పులిసి మీథేన్ పుడుతుంది, అది తేన్పుల్లో బయటికొస్తుంది. వందేళ్ల లెక్కన ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ప్రపంచ సగటు తీసుకుంటే కిలో మటన్ వల్ల పడే భారం కిలో చికెన్ కంటే సుమారు నాలుగు రెట్లు. పూర్తిగా మానేయమని నేను చెప్పను. నెలలో రెండు ఆదివారాలు చికెన్ గానీ గుడ్డు పులుసు గానీ పెట్టండి, చాలా తేడా వస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మీ ఉత్తరంలో లేని విషయం, పారేసే అన్నం. మొన్న పొద్దున మా అపార్ట్‌మెంట్ ముందు చెత్త ఆటో దగ్గర ఒక కవరు చిరిగి కింద పడింది. అందులో అన్నం కుక్కర్ గిన్నె ఆకారంలోనే గడ్డకట్టి ఉంది, గరిటె కూడా తగల్లేదు! కిలో బియ్యం పండాలంటే సుమారు 2,500 లీటర్ల నీళ్లు కావాలి, మన దగ్గర యాసంగిలో చాలాచోట్ల అవి బోరు నీళ్లే. నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలి తగలదు కాబట్టి అక్కడ మీథేన్ పుడుతుంది. ఆ అన్నమే మళ్లీ జవహర్‌నగర్ లాంటి డంపింగ్ యార్డులో గుట్టల కింద గాలాడక కుళ్లితే అక్కడా మీథేనే. మన దేశంలో ఇళ్ల నుంచే మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోల ఆహారం, తొక్కలూ గింజలూ కలిపి, చెత్తలోకి పోతోందని ఐక్యరాజ్యసమితి 2024 నివేదిక చెబుతోంది. మీ ఐదుగురికి లెక్క వేసుకోండి, 275 కిలోలు.

అందుకే ఈ రాత్రి నుంచే బియ్యం అర గ్లాసు తగ్గించి పోయండి. చాలకపోతే పెరుగులోకి నాలుగు అటుకులు కలుపుకుంటే సరిపోతుంది. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున తాలింపు అన్నం చేసేయండి. తొక్కలు మాత్రం తడి చెత్త డబ్బాలోనే వేయండి, ప్లాస్టిక్ కవర్లతో కలిపేస్తే ఎరువుగా మారే దారి మూసుకుపోతుంది.

ఇక జొన్న రొట్టె. నల్లరేగడిలో యాసంగి జొన్న చాలావరకు నేలలో మిగిలిన తేమతోనే పండుతుంది, మడి కట్టి నీళ్లు నిలపాల్సిన పని లేదు. కానీ అత్తమ్మ కంచంలో అన్నం తీసేయకండి, ఆ వయసులో అలవాటు మార్చమనడం అన్యాయం. పగలు అన్నం అలాగే ఉంచి, వారంలో రెండు రాత్రులు రొట్టె చేయండి, అదీ ఆవిడ చేత్తో. పిండి తాజాగా పట్టించి, మరిగే నీళ్లతో కలిపితేనే రొట్టె విరగకుండా వస్తుంది. ఎంత నీళ్లు, ఎంతసేపు పిసకాలి అన్నది మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి ఆవిడనే చూపించమనండి.