ఈ రాత్రికి అద్దం కాదు, మంచం చెక్క కావాలి

గాలివానకు ఐదో అంతస్తు బాల్కనీ తలుపు అద్దం పగిలిందనీ, హైదరాబాద్‌లో రాత్రివేళ వచ్చి చెక్కలతో మూసిపెట్టేవారు ఎవరైనా ఉన్నారా అనీ అడిగారు. ఉన్నారనే అనుకుందాం. ఆ గాలి మీ ఒక్క ఇంటి మీదికే రాలేదు కదా! అలాంటి రాత్రి ఊళ్ళో ఉన్న ప్రతి వడ్రంగీ తన ఇంటి రేకులు ఎగిరిపోకుండా వాటి మీద రాళ్ళు పెట్టుకుంటూ ఉంటాడు. మనిషి కోసం వెతుకులాట తెల్లవారాక పెట్టుకోండి. ఈ రాత్రికి కావలసిన చెక్క మీ ఇంట్లోనే, మీ పరుపు కిందే ఉంది.

ఇది ఎక్కడో చదివి చెబుతున్న మాట కాదు. మాది నాగోల్. ముందు ఎత్తైన కట్టడాలేవీ లేవు కాబట్టి గాలి బాగా వస్తుందని చెప్పి మరీ అమ్మారు మా ఫ్లాటు. వచ్చింది. ఒక మే నెల సాయంత్రం, పొద్దంతా నిప్పులు చెరిగిన ఎండ తరువాత, ఆకాశం మట్టిరంగుకు తిరిగింది. రుతుపవనాలు రాకముందు ఏప్రిల్, మే నెలల్లో మన ఊరికి వచ్చే వానల సంగతి తెలిసిందే, చినుకు కంటే ముందు దుమ్ము, దుమ్ము కంటే ముందు గాలి. పక్క భవనం డాబా మీది నీళ్ళ ట్యాంకు మూత లేచి వచ్చి మా హాలు బాల్కనీ తలుపుకు తగిలింది. రెండు రెక్కల జారుడు తలుపు అది. ఒక రెక్క అద్దం మొత్తం హాల్లోకి రాలింది. మూరెడేసి ముక్కలు, ఒక్కొక్కటీ మొన తేలి. చట్రం పైభాగంలో మరో పెద్ద ముక్క ఊగుతూ మిగిలింది.

అద్దం పోయిన మరుక్షణం పడకగది తలుపు దడాలున కొట్టుకుంది, రెండో గది కిటికీలు గడగడలాడాయి. అది అదృష్టం బాగాలేక కాదు. ఒకవైపు నుంచి దూరిన గాలికి బయటికి దారి లేకపోతే అది లోపలి నుంచి మిగతా కిటికీలను తోస్తుంది. కాబట్టి ముందు చేయవలసిన పని అద్దం దగ్గర లేదు. కాళ్ళకు చెప్పులు వేసుకుని, లోపలి గదుల తలుపులన్నీ మూసి గడియలు పెట్టండి. ఆ గోడకు ఉన్న స్విచ్‌బోర్డు మీద జల్లు పడుతుంటే ఎంసీబీ, అంటే మెయిన్ బోర్డులో కరెంటు ఆపే మీట, దించేయండి.

మా వారు ఆ వారం ఊళ్ళో లేరు. ఫోనులో యాప్ తెరిచి చూస్తే వడ్రంగి మర్నాడు పదకొండు గంటల తరువాత దొరుకుతాడని చూపించింది. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలూ, 'జాగ్రత్త అండీ'లూ వరసగా వచ్చాయి. మనుషులు మాత్రం ఇద్దరే వచ్చారు. ఒకరు వాచ్‌మన్, ఇంకొకరు రెండో అంతస్తు పెద్దాయన. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. చేతిలో టార్చిలైటు, జేబులో కటింగ్ ప్లయర్. పగిలిన అద్దాన్ని ఒక్క చూపు చూసి, "మీది పెట్టె మంచమేనా తల్లీ?" అని అడిగారు.

మనందరిదీ పెట్టె మంచమే. పైన పరుపు, పరుపు కింద విడిగా పరిచిన ప్లైవుడ్ చెక్కలు, వాటి కింద పాత దుప్పట్లు, పెళ్ళిళ్ళలో వచ్చిన స్టీలు సామాను. ఆ చెక్కలు రెండు తీయించారాయన. మనిషి పొడవు, ఇంచుమించు మూడడుగుల వెడల్పు. జారుడు తలుపు ఒక రెక్క వెడల్పు కూడా అంతే కాబట్టి ఒకటి కింద, రెండోది దాని మీదికి వచ్చేలా పైన. ఆ పై చెక్క అంచు కింది చెక్కకు బయటివైపే ఉండాలి, అప్పుడే జారిన నీరు బయటే జారిపోతుంది.

ముందుగా పైన ఊగుతున్న ముక్క సంగతి చూశారు. దాని మీద అడ్డదిడ్డంగా ప్యాకింగ్ టేపు అంటించి, చేతికి గోనెసంచి చుట్టుకుని, కిందికి లాగి బకెట్‌లో పెట్టారు. టేపుకు ఉన్న ఉపయోగం ఇదొక్కటే. పగలబోయే అద్దాన్ని టేపు ఆపలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు ముందు విశాఖలో ఉన్న మా బంధువులు కిటికీలన్నిటికీ గుణకారం గుర్తులా టేపులు వేశారు. ఆ గుర్తులతో సహా పగిలాయి. టేపు పగిలిన ముక్కలను కాస్త పట్టి ఉంచుతుంది, గాజుకు బలం ఇవ్వదు.

చెక్కను బిగించిన తీరు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే అందరూ తలుపును పాడుచేసుకుంటారు. మా పెద్దాయన చట్రానికి ఒక్క మేకు కూడా కొట్టలేదు. కరెంటు పోయింది, డ్రిల్లింగ్ మిషను ఉన్నా తిరగదు. పెద్ద మేకుతో చెక్కల్లోనే జతజతలుగా కన్నాలు పొడిచి, వాటిలో బైండింగ్ వైరు దూర్చారు. చెక్కలను బాల్కనీ వైపు నుంచి ఆనించారు. హాలు లోపల, రంగుల పనివాళ్ళు సెల్లారులో వదిలిపోయిన సరుగుడు కర్రలు రెండు అడ్డంగా పెట్టారు. కర్ర ఒక కొస గోడకు, రెండో కొస మిగిలిన రెక్క చట్రానికి ఆనాలి, అద్దానికి కాదు. రెండో రెక్క జరిపి బాల్కనీలోంచి లోపలికి వచ్చి, ఆ రెక్క మూసేసి, వైరును కర్రలకు చుట్టి ప్లయర్‌తో మెలితిప్పారు. గాలి లోపలికి తోసినప్పుడు చెక్క చట్రానికే అదుముకుంటుంది, బయటికి లాగినప్పుడు కర్రలు పట్టుకుంటాయి. ఆయనకు ఇంజనీరింగ్ పట్టా లేదు. మా తలుపు చేయించినవాళ్ళకు ఉండే ఉంటుంది.

మంచం చెక్కకు ఒక బలహీనత ఉంది. మంచాల కింద వేసేది మామూలు రకం ప్లైవుడ్, నానితే పొరలు విడిపోతుంది. నీటికి నిలిచే ఐఎస్ 710 మెరైన్ రకం అక్కడ ఎవరూ వేయరు. అందుకని పైన ఒక పట్టా కావాలి. టార్పాలిన్ ఉంటే సరే. మా దగ్గర లేదు. వాచ్‌మన్ తన బండి మీద కప్పుకునే ఫ్లెక్సీ తెచ్చాడు, ఎవరో నాయకుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పేది. ఫ్లెక్సీ గొప్ప వస్తువండీ. నీరు దిగదు, సులువుగా చిరగదు, అంచుల్లో కట్టుకోవడానికి రింగులు కూడా ఉంటాయి. ఈ ఊళ్ళో ఏ స్తంభానికి చూసినా కావలసినన్ని వేలాడుతుంటాయి. తలుపు పై అంచు మీదుగా తెచ్చి, కింద గడపకు అవతల దాకా వదిలి కట్టేశాం. నాయకుడు నమస్కారం పెడుతూ వీధిలోకి చూస్తున్నాడు.

మర్నాడు సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేశారు. అద్దం ఎలా పగిలిందని కాదు. మన భవనం ఫలానా పార్టీ వాళ్ళదని రోడ్డు మీద అనుకుంటున్నారట, బొమ్మ లోపలికి తిప్పమన్నారు. రాత్రంతా ఎవరో పెద్దమనిషి హాల్లోకి చూస్తూ నవ్వుతుంటే నేను నిద్రపోలేనని మా అత్తగారు తెగేసి చెప్పారు. చివరికి తిప్పలేదు. ఇదే కార్యదర్శి బాల్కనీ తలుపులకు ఇనుప గ్రిల్లు పెట్టుకుంటామంటే ముఖభాగం అందం చెడుతుందని ఒప్పుకోలేదు. గ్రిల్లు ఉంటే ఆ రాత్రి పని పావుగంట కూడా పట్టదు, చెక్కను ఊచలకు కట్టేస్తే అయిపోయేది. మా అమ్మమ్మగారి చిక్కడపల్లి ఇంట్లో కిటికీలకు ఊచలూ ఉండేవి, టేకు రెక్కలూ ఉండేవి. గాలి వస్తే రెక్కలు మూసి గడియ పెట్టేవారు. ఇప్పుడు గోడంత అద్దం పెట్టి, దానికి పరదా వేసి, లోపల పగలే దీపాలు వేసుకుంటున్నాం.

మీరు ఈపాటికి అమెరికా వీడియోలు చూసే ఉంటారు. ప్లైవుడ్ పెట్టి నాలుగు స్క్రూలు బిగిస్తారు, పని అయిపోతుంది. అక్కడి చాలా ఇళ్ళ గోడల్లో ఉండేది చెక్క చట్రం, స్క్రూ నేరుగా పట్టుకుంటుంది. మన గోడ ఇటుక, సిమెంటు. రంధ్రం వేసి ప్లగ్గు దింపితే తప్ప స్క్రూ నిలవదు. అది కుదరక జనం తలుపుకున్న యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) చట్రానికే కన్నాలు వేస్తారు. లోపల గుల్లగా ఉండే ఆ చట్రానికి కన్నం పడితే ఇక ప్రతి వానకూ నీళ్ళు దిగుతాయి, చేసిచ్చినవాడు గ్యారంటీ లేదంటాడు. తడి చట్రానికి సిలికాన్ అంటదు. డబ్బాలోంచి పొంగే ఫోమ్ కొట్టారా, దాన్ని గీకేసరికి చట్రం కూడా గీకినట్టే. తలుపు జారే పట్టాలో అడుగున నీరు పోవడానికి చిన్న చిన్న కన్నాలు ఉంటాయి. గుడ్డలు కుక్కితే గడప దగ్గర కుక్కండి, ఆ కన్నాల్లో వద్దు.

ఎవరికి ఫోన్ చేయాలంటారా, తెగిన తీగ కనిపిస్తే కరెంటు వారి 1912కు చేయండి. చెట్టు పడితే నగరపాలక సంస్థకు. మీ అద్దం కోసం ఎవరూ రారు. బీమా ఉంటే మాత్రం చెక్క బిగించకముందే ఫొటోలు తీయండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 'భారత్ గృహ రక్ష' పాలసీ గాలివాన నష్టానికి వర్తిస్తుంది. ఆ ప్రమాదం కారణంగా 7 రోజుల్లోపు జరిగిన దొంగతనానికి కూడా. అద్దం లేని ఇంట్లోకి ఎవరు వస్తారో పాలసీ రాసినవారికి తెలుసన్నమాట.

దొంగతనం మాట వచ్చింది కాబట్టి, పగిలింది వీధి తలుపయితే దారి వేరు. సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు స్టేషన్‌లో చెప్పి వెళ్ళమని పోలీసులు ఏటా చెబుతూనే ఉంటారు. వనస్థలిపురంలో మా అన్నయ్య వాళ్ళు చెప్పకుండా వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ద్వారబంధం చీలి, తాళం పట్టీతో సహా ఊడి ఉంది. అలాంటప్పుడు దేన్నీ ముట్టుకోకుండా 100కో 112కో ఫోన్ చేయండి. పోలీసులు చూసి వెళ్ళాకే మూయడం. చీలిన వైపు ఎన్ని మేకులు కొట్టినా దండగ. చీలని చోటు చూసి, ఇంకాస్త పైన కొత్త ఆల్‌డ్రాప్, అంటే తాళం వేసే పెద్ద గడియ, బిగించాలి. ఆ ఒక్క రాత్రికి లోపల మనిషి పడుకోవాలి.

ఇక అసలు నేను చెప్పాలనుకున్నది. తెల్లవారగానే అల్యూమినియం దుకాణం అబ్బాయి వచ్చి, "మేడమ్, సాయంత్రానికల్లా అద్దం వేసేస్తాను" అంటాడు. నాకూ అలాగే అన్నాడు. వద్దన్నాను. సాయంత్రానికి వేసేది మామూలు గాజు. దాన్ని దుకాణంలో అప్పటికప్పుడు కోస్తారు. మా హాల్లో మూరెడేసి ముక్కలై పడింది అదే. తలుపుకు కావలసింది టఫెన్డ్ గాజు. దాన్ని బాగా వేడిచేసి ఒక్కసారిగా చల్లారుస్తారు. పగిలితే పప్పుబద్దలంత ముక్కలవుతుంది, ఎవరి మెడా తెగదు. అయితే ఒకసారి అలా తయారయ్యాక కోయడం కుదరదు. కొలత ఇచ్చి ఫ్యాక్టరీలో చేయించాలి, దానికి రోజులు పడతాయి. ఆ రోజులు ఆగలేకే జనం మళ్ళీ మామూలు గాజు వేయించుకుంటారు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళిలో గాజు కోసం ప్రత్యేక విభాగమే ఉంది. తలుపుల్లాంటి చోట భద్రమైన గాజు ఉండాలని అది చెబుతుంది. మా బిల్డరు చదివినట్టు లేదు. మీ ఇంట్లో ఉన్నది ఏదో తెలియాలంటే అద్దం మూల చూడండి. టఫెన్డ్ గాజుకు చెరగని చిన్న ముద్ర ఉండాలి. మా తలుపుకు మిగిలిన రెండో రెక్క మీద వేలిముద్రలు తప్ప ఏమీ లేవు, అదీ మార్పించాను.

అద్దం వచ్చేదాకా పరుపు నేల మీదే వేసుకుని పడుకున్నాం. అత్తగారు నడుము నొప్పి అన్నారు, నిజానికి ఆవిడ మంచం చెక్కలు తీయనేలేదు. నాయకుడు వీధికి నమస్కారం పెడుతూనే ఉన్నాడు. చెక్క తొందరేమీ పెట్టదు, మీరూ తొందరపడకండి.

కొలత తీసేటప్పుడు మాత్రం దగ్గర నిలబడండి. వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్లా తీయించండి, ఎత్తు కూడా అంతే. మన గోడలు ఎక్కడా సమంగా ఉండవు. ఆ మూడింటిలో తక్కువదే ఫ్యాక్టరీకి పంపాలి. అంగుళం ఎక్కువ వచ్చిందంటే ఆ అద్దాన్ని కోయలేరు, వాపసు తీసుకోరు, టీపాయి చేయించుకోవలసిందే.