కరీబియన్ ఫ్యూజన్ చెఫ్ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సందేహం: టొరంటోలో కలినరీ కోర్సు చదువుతున్నాను. కరీబియన్ వంటల్ని మన వంటలతో కలిపి చెఫ్‌గా పేరు తెచ్చుకోవాలని ఉంది. ఇంట్లోవాళ్లేమో "వంట చేసుకోవడానికా అంత దూరం వెళ్లింది?" అంటున్నారు. ఏం చేయమంటారు?

తమ్ముడూ, ముందు ఇంట్లోవాళ్ల సంగతి. కెనడాలో వంట గుర్తింపు ఉన్న వృత్తి అని నాన్నగారికి నెమ్మదిగా చెప్పు. అప్రెంటిస్‌షిప్ చేసి, రెడ్ సీల్ అనే జాతీయ వృత్తి పరీక్షలో 70 శాతం తెచ్చుకుంటే ఆ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. ఒంటారియోలో అది లేకపోయినా కుక్‌గా పనిచేయొచ్చు గానీ, రేపు సూ చెఫ్ (హెడ్ చెఫ్ తర్వాతి స్థానం) ఉద్యోగం అడిగేటప్పుడు నీ తరఫున అదే మాట్లాడుతుంది. ఆహార శుభ్రత మీద ఇచ్చే ఫుడ్ హ్యాండ్లర్ సర్టిఫికెట్ మాత్రం ఈ నెలలోనే తీసుకో. స్టడీ పర్మిట్ మీద ఉన్నావు కాబట్టి, క్లాసులు జరిగే రోజుల్లో కాలేజీ బయట పని వారానికి 24 గంటలు దాటకూడదు. "క్యాష్ ఇస్తాం, ఇంకో షిఫ్ట్ చెయ్" అనేవాళ్లు తప్పకుండా తగులుతారు. ఒప్పుకోకు, నీ పర్మిట్‌కే ఎసరు వస్తుంది.

ఇక అసలు విషయం. డౌన్‌టౌన్‌లో మెరిసిపోయే ఫ్యూజన్ రెస్టారెంట్‌కి ఇప్పుడే అప్లై చేయొద్దు. ఎగ్లింటన్ వెస్ట్‌లో జమైకావాళ్ల పేట లిటిల్ జమైకా ఉంది, స్కార్‌బరోలో ట్రినిడాడ్, గయానా వాళ్ల రోటీ షాపులున్నాయి. అక్కడ గిన్నెలు కడిగే పని దొరికినా చేరిపో. గిన్నెల దగ్గర్నుంచి ప్రెప్‌కి (కూరలు తరిగి సిద్ధం చేసే పని), అక్కణ్ణుంచి లైన్‌కి (పొయ్యి దగ్గర వండే పని) ఎదగడం ఈ ఊళ్లో మామూలే.

ఆ పొయ్యి దగ్గర చూసేది ఏ క్లాసులోనూ దొరకదు. ట్రినిడాడ్ స్టూ చికెన్‌కి కాగిన నూనెలో పంచదార వేసి, అది ముదురు గోధుమ రంగుకి తిరిగి నురగ కట్టగానే కోడిముక్కలు వేస్తారు. తొందరపడితే రంగు రాదు, ఆలస్యమైతే చేదెక్కుతుంది. అది గడియారం చూసి చేసేది కాదు, కన్నుకి, ముక్కుకి తెలియాలి. స్కాచ్ బానెట్ మిరపకాయ దగ్గర మనవాళ్లందరికీ చెయ్యి ఆగదు, నూరి పోసేస్తారు. జమైకా రైస్ అండ్ పీస్‌లో (కొబ్బరిపాలు, రాజ్మా వేసి వండే అన్నం) దాన్ని తొడిమతో సహా నిండుగా అన్నం మీద పెట్టి, చిట్లకుండా తీసేస్తారు. కారం కంటే వాసన కోసం వేసే కాయ అది. ఈ ఒక్క విషయం ఒంటబడితే కరీబియన్ వంట సగం అర్థమైనట్టే.

ఇంకో మాట, ఇది నాకు చాలా ఇష్టమైనది. క్రిస్మస్‌కి జమైకావాళ్లు సారెల్ అనే ఎర్రటి పానీయం చేస్తారు, అల్లం, లవంగం వేసి. అది మన గోంగూర జాతి మొక్కే! వాళ్లు కాయ చుట్టూ ఉండే ఎర్ర రెక్కలు వాడతారు, మనం ఆకు వాడతాం. ఆల్‌స్పైస్, థైమ్ వేసి వండిన మేకమాంసం కూరలో దించేముందు గోంగూర వేసి చూడు. ఆ పులుపు అతికించినట్టు ఉండదు.

ఎందుకంటే అక్కడి వంటే కలయికతో పుట్టింది. 1845లో ఫాటెల్ రజాక్ ఓడ మన దేశపు కూలీలతో ట్రినిడాడ్ చేరింది. తర్వాతి ఏళ్లలో మద్రాసు రేవు నుంచి కరీబియన్ తోటలకు వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ధాల్‌పూరి రోటీని విప్పి చూడు, లోపల పూర్ణం బదులు జీలకర్ర వేసిన పప్పుపొడి పెట్టిన బొబ్బట్టులా ఉంటుంది. అలాంటి వంట మీద చేయి వేసేటప్పుడు దాని సొంతదారుల దగ్గర నేర్చుకుని వేయడం మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

నీ సొంత ప్రయోగం మొదలుపెట్టే రోజు వచ్చినప్పుడు నేరుగా మెనూలో పెట్టకు. ముందు స్టాఫ్ భోజనానికి వండు. అక్కడ పాతికేళ్లుగా కుండ కలుపుతున్న జమైకా ఆంటీకి వడ్డించు, ఏం తక్కువైందో అడుగు. ఆవిడ మారు వడ్డించుకుంటే అప్పుడు ఓనర్‌తో మాట్లాడు.