సొంతంగా చేసుకునే టూల్స్‌కి, ఫిక్చర్లకి (పని చేసే ముక్కని కదలకుండా పట్టే అమరికలు) ఇత్తడి పనికొస్తుందా?
పనికొస్తుంది, కానీ గట్టిగా బిగించే భాగాలకి వద్దు. అదే సైజు ఇత్తడి ముక్క అదే లోడుకి ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వంగుతుంది. టీ-నట్లు (మెషిన్ బల్ల గాడిలో కూర్చునే T ఆకారపు నట్లు), క్లాంపులు ఉక్కుతోనే చేయండి. ఇత్తడి బాగా నప్పేది వైస్ దవడల తొడుగులకి, డ్రిఫ్టులకి (భాగాలని కొట్టి బయటికి తోసే కడ్డీలు), సెట్ స్క్రూ (షాఫ్ట్ మీద భాగాన్ని కదలకుండా నొక్కి పట్టే స్క్రూ) కింద వేసే బిళ్లకి. ఎం6 (6 మి.మీ.) స్క్రూకైతే బిళ్ల 4.5 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం చాలు, షాఫ్ట్ మీద గాటు పడదు.

అసలు చిక్కు డ్రిల్లింగ్‌లో. మామూలు బిట్ ఇత్తడిలోకి స్క్రూలా దూసుకుపోతుంది, రంధ్రం అవతలికి తెగేటప్పుడు మరీను. ముక్క చేతిలో ఉంటే విసిరేస్తుంది, తప్పకుండా వైస్‌లో బిగించండి. బిట్ కోత అంచు ముందు ముఖానికున్న వాలే (రేక్) దీనికి కారణం. సానరాయితో రెండు అంచుల ముందు ముఖాన్నీ బిట్ అక్షానికి సమాంతరంగా, అర మిల్లీమీటరు వెడల్పున చదును చేయండి. ఆ లాగుడు ఆగిపోతుంది. లేత్ టూల్‌కి కూడా పై ముఖం వాలు (అదే రేక్) సున్నా ఉంచండి.