ఉద్యోగం మాని ఇల్లు చూసుకోవడం దేవుని పిలుపేనా?

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. మేము కూకట్‌పల్లిలో ఉంటున్నాము. నేను గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పని చేస్తున్నాను. మా మొదటి పాప పుట్టాక తీసుకున్న ప్రసూతి సెలవు వచ్చే నెలతో ముగుస్తుంది. పాపను, ఇంటిని చూసుకోవడమే ప్రస్తుతం దేవుడు నాకు అప్పగించిన పని అని ప్రార్థనలో పదేపదే అనిపిస్తోంది. మావారు సరేనన్నారు. అమ్మ మాత్రం, చెప్పించిన చదువంతా బూడిదలో పోసిన పన్నీరైందని కన్నీళ్లు పెట్టుకుంది. ఆఫీసులో స్నేహితులు ఇక నువ్వు ఖాళీయే కదా అంటున్నారు. సంఘంలో కొందరు పెద్దలు స్త్రీ స్థానం ఇల్లేనని మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు కూడా నాకెందుకో రుచించడం లేదు. ఇది నిజంగా పిలుపా, లేక పని ఒత్తిడి నుంచి తప్పించుకోవడానికి వాక్యాన్ని అడ్డం పెట్టుకుంటున్నానా?
— ఒక సోదరి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మగారి కన్నీళ్లతోనే మొదలుపెడతాను. వాటికి ఒక వచనం చూపించి జవాబు చెప్పడం తేలికే కానీ న్యాయం కాదు. ఆమె తరంలో ఆడపిల్లను చదివించడమంటే, రేపు భర్త మంచివాడు కాకపోయినా, అతనికి ఏదైనా జరిగినా, పిల్ల ఎవరి ముందూ చేయి చాచకుండా బతకాలన్న ముందుచూపు. ఆమెకు బిడ్డ పెంపకం మీద చిన్నచూపు లేదు, మీ రేపటి గురించి భయం ఉంది. ఆ భయం తీరవలసింది మీ దంపతులు చేసే ఏర్పాట్లతో. వాటి సంగతి తరువాత రాస్తాను. చదువు విషయానికి వస్తే, అపొస్తలుడైన పౌలు తన యువ శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రికలో (ఉత్తరంలో) అతని విశ్వాసాన్ని తలచుకుంటూ, అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరుపెట్టి గుర్తుచేశాడు. బాల్యం నుంచే అతనికి లేఖనాలు తెలుసునని అదే పత్రికలో మరోచోట రాశాడు. పిల్లవాడికి లేఖనాలు విడమరచి చెప్పగలిగినవారు ఆ ఇంట్లో ఉండబట్టే కదా అది సాధ్యమైంది. మీరు చదివిన చదువు మీ పాప పెంపకానికి అక్కరకు రాకుండా పోదు.

ఇక పిలుపు సంగతి. మధ్యయుగపు ఐరోపాలో దేవుని పిలుపు అనేది క్రైస్తవ సన్యాసులకు, సన్యాసినులకు, చర్చి గురువులకు సంబంధించిన విషయంగానే చాలావరకు చెలామణి అయింది. జర్మనీ మతసంస్కర్త మార్టిన్ లూథర్ ఆ గోడను కూల్చాడు. 1522లో వివాహ జీవితం గురించి రాస్తూ, బిడ్డ గుడ్డలు ఉతకడం, రాత్రిళ్లు మేలుకొని ఉండడం వంటి పనులను మనుషులు ఎంత నీచంగా చూసినా, విశ్వాసం వాటిని మేలిమి బంగారంతో అలంకరించినట్టుగా చూస్తుందన్నాడు. మన ప్రసంగాల్లో ఈ మాట తరచుగా తల్లులకే చెబుతారు. కానీ ఆ రచనలో గుడ్డలు ఉతుకుతున్నది తండ్రి! ఇరుగుపొరుగు అతణ్ణి చూసి ఎగతాళి చేస్తే, దేవుడు తన దూతలతో కలిసి సంతోషంతో నవ్వుతాడని లూథర్ రాశాడు. (అప్పటికి ఆయనకు ఇంకా పెళ్లి కాలేదు; కాథరీనా ఫాన్ బోరాను చేసుకున్నది 1525లో. ఆ ఇల్లాలు విటెన్‌బర్గ్‌లోని పాత మఠంలో విద్యార్థులకు బస, భోజనం ఏర్పాటు చేస్తూ, పశువులను, తోటలను, ఇంటి బీరు తయారీని ఒంటిచేత్తో నడిపిన మనిషి. ఆమెను ఖాళీగా ఉందని అనే ధైర్యం ఎవరికీ ఉండి ఉండదు.)

సంఘ పెద్దల మెప్పు మీకు రుచించకపోవడానికి కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఇంటిని, బిడ్డను చూసుకోవడం నిజంగా అంత గొప్ప పిలుపైతే, అందులో పురుషులకు వాటా లేకుండా ఎలా ఉంటుంది? పిల్లలను ప్రభువు శిక్షలోను బోధలోను పెంచమన్న ఆజ్ఞ ఎఫెసీయులకు రాసిన పత్రికలో తండ్రులను ఉద్దేశించినది. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడిచేటప్పుడు దేవుని మాటలు పిల్లలకు నేర్పమని ఇశ్రాయేలు అంతటికీ చెప్పింది. మన ఇళ్లలో జరుగుతున్నది వేరు. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశవ్యాప్తంగా చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తుండగా, చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో తీర్పు చెప్పినప్పుడు, మన తెలుగువారైన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ఇవే అంకెలను తన అభిప్రాయంలో ఉదహరించి, గృహిణులు పని చేయరన్న భావనను అధిగమించాలని రాశారు. ఆఫీసు స్నేహితుల మాటకు జవాబుగా వాక్యం అవసరం లేదు, ఆ తీర్పు చాలు. మీవారు 'సరే' అన్నారని రాశారు. ఆ సరేలో సాయంత్రం పాప స్నానం, రాత్రి కుటుంబ ప్రార్థన, ఆదివారం వంట ఉన్నాయా అన్నది మీరు ఆయనను అడిగి తెలుసుకోవలసిన విషయం.

తప్పించుకోవడమా అన్న మీ సందేహం నిజాయితీ గలది. రాత్రంతా నిద్ర లేని తల్లికి గచ్చిబౌలి ట్రాఫిక్, మేనేజరు ఫోన్లు తలచుకుంటేనే రాజీనామా చేయాలనిపిస్తుంది. అందులో పాపమేమీ లేదు, కానీ దానినే దేవుని స్వరమనుకోకండి. కనుక అలసటలో నిర్ణయం తీసుకోవద్దు. ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచిన 2017 నాటి సవరణే, పని స్వభావాన్ని బట్టి సెలవు తరువాత ఇంటి నుంచి పని చేసేలా సంస్థతో ఒప్పందం కుదుర్చుకునే వీలు కల్పించింది. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని కూడా చెప్పింది. ఆ దారులు తెరిచి ఉన్నాయో లేదో ముందు కనుక్కోండి. అవి తెరిచి ఉన్నా, ఒత్తిడి తగ్గిన తరువాత కూడా, ఈ కొన్నేళ్లు పాపతోనే ఉండాలన్న కోరిక మీలో నిలిచి ఉంటే, దానిని నిశ్చింతగా స్వీకరించండి. కొన్నేళ్లు అన్నాను. ఈ పిలుపు జీవితాంతపు శపథం కానక్కరలేదు.

డబ్బు సంగతి. ఆధ్యాత్మిక విషయంలో ఇదెందుకని కొందరు నొచ్చుకుంటారు. తన యింటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని తిమోతికి రాసిన పౌలుకు మాత్రం ఇది ఆధ్యాత్మిక విషయమే. ఫ్లాటు ఇద్దరి పేరునా ఉండాలి. నెల జీతం ఉమ్మడి ఖాతాలో పడాలి; చేతి ఖర్చుకు మీరు ఆయనను అడగవలసిన పరిస్థితి ఉండకూడదు. మీవారి పేర టర్మ్ ఇన్సూరెన్స్, మీ పేర కొంత పొదుపు తప్పనిసరి. రాజీనామా ఇవ్వకముందే, ఒక్క జీతంతో ఇంటి అప్పు వాయిదా కట్టగలరో లేదో కొన్ని నెలలు ఆ ఒక్క జీతంతోనే గడిపి చూసుకోండి. ఈ కాగితాలు మీ అమ్మగారికి చూపించండి. నేను రాసిన ఏ మాటకంటే అవి ఆమెకు ఎక్కువ నెమ్మదినిస్తాయి.

చివరగా ఒక మాట. తల్లుల దినాన మన సంఘాల్లో, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీని ఆదర్శంగా చూపిస్తారు. ఆమె పిల్లలకు స్వయంగా చదువు చెప్పి, వారంలో ఒక్కొక్కరికి ఒక సమయం కేటాయించి మాట్లాడిన మాట నిజమే. ఆమె భర్త 1705లో అప్పుల వల్ల జైలులో ఉన్నాడని, 1709లో వారి ఇల్లు కాలిపోయిందని, కన్న బిడ్డల్లో చాలామంది పసితనంలోనే చనిపోయారని మాత్రం ఎవరూ చెప్పరు. పాప మీద విసుక్కున్న రోజున, ప్రార్థన కుదరని రోజున, మీ పిలుపు అబద్ధమైపోయిందనుకోకండి. పగలంతా అపార్ట్‌మెంటులో పసిబిడ్డతో ఒంటరిగా ఉండడం కష్టం. కనుక స్త్రీల కూటానికి పాపను ఎత్తుకునే వెళ్లండి. ఏడిస్తే ఏడవనివ్వండి. దిగులు వారాల తరబడి వదలకపోతే డాక్టరును కలవండి, అది అవిశ్వాసం కాదు.

ప్రశ్న: నేను సికింద్రాబాద్‌లో నర్సుగా పని చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. యౌవన స్త్రీలు ఇంట ఉండి పని చేసుకోవాలని చెప్పే తీతు రెండో అధ్యాయం ప్రకారం నేను అవిధేయురాలినని మా బంధువు ఒకరు అంటున్నారు. నా జీతం లేకపోతే ఇల్లు గడవదు.
— మరో సోదరి, సికింద్రాబాద్

జవాబు: తీతు పత్రికలో పౌలు క్రేతు ద్వీపంలోని సంఘాల్లో ఇళ్లు చెదిరిపోకుండా చూడమంటున్నాడు; జీతం తెచ్చే స్త్రీలను శిక్షించమనడం లేదు. అదే పౌలుకు ఫిలిప్పీలో ఆతిథ్యమిచ్చిన లూదియ ఊదారంగు వ్యాపారి. గుడారాలు కుట్టే పనిలో భర్త అకులతో పాటు ప్రిస్కిల్ల కూడా ఉంది. సామెతలు 31లోని గుణవతి పొలం చూసి కొంటుంది, నారబట్టలు నేయించి అమ్ముతుంది. ఆ అధ్యాయం లెమూయేలు రాజుకు అతని తల్లి నేర్పినదని కూడా మీ బంధువుకు చెప్పండి. పై ఉత్తరం రాసిన సోదరికి దేవుడిచ్చిన పని ఆమెది, మీకిచ్చిన పని మీది. ఒకరి పనిని కొలబద్దగా పట్టుకొని మరొకరిని కొలవవద్దు. మీ రాత్రి డ్యూటీ రోజున పిల్లల హోంవర్కు ఆ బంధువు చూసుకుంటారేమో అడిగి చూడండి.