నాయనమ్మ పసరు, హైదరాబాద్ ఉద్యోగం: రెండింట్లో ఏది వదులుకోవాలి?

ప్రశ్న: మేడమ్, గుంటూరులో బీఫార్మసీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఒక కంపెనీ క్యాంపస్‌కి వచ్చి హైదరాబాద్‌లో డ్రగ్ సేఫ్టీ అసోసియేట్ ఉద్యోగం (మందుల దుష్ప్రభావాల రిపోర్టులు చూసే పని) ఇస్తామంది. నాకేమో మొక్కల మందుల మీద రీసెర్చ్ చేయాలని ఉంది. మా నాయనమ్మ ఊళ్లో ఇప్పటికీ కామెర్లకు నేల ఉసిరి పసరు ఇస్తుంది. అందులో ఏముందో కనిపెట్టాలని చిన్నప్పటి నుంచీ కోరిక. నాన్న మిర్చి యార్డులో గుమాస్తా, తమ్ముడు ఇంటర్. డ్రగ్ సేఫ్టీ అంటే ఉత్త డేటా ఎంట్రీ అని సీనియర్లు అంటున్నారు. అందులో చేరితే రీసెర్చ్ దారి మూసుకుపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మూసుకుపోదమ్మా. ఆ భయం ముందు పక్కన పెట్టు. అసలు నువ్వు ఈ రెండింటినీ వేరు వేరు దారులు అనుకోవడం దగ్గరే నాకు పేచీ ఉంది.

మీ నాయనమ్మ పసరు సంగతే చూద్దాం. కామెర్లు చాలామందికి హెపటైటిస్ ఏ, ఈ లాంటి వైరస్‌ల వల్ల వస్తాయి. అవి ఎక్కువ మందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గిపోతాయి, పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. మరి తగ్గించింది పసరేనా? తాగినవాళ్లనీ తాగనివాళ్లనీ పక్కపక్కన పెట్టి లెక్క చూస్తే తప్ప చెప్పలేం. 1988లో మద్రాసు పరిశోధకులు అదే పని హెపటైటిస్ బీ వైరస్ ఒంట్లో ఉన్నవాళ్ల మీద చేశారు. నేల ఉసిరి పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో ఆ వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో అచ్చయింది, అందరూ ఆశపడ్డారు. తర్వాత వేరే చోట్ల చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. వాడిన మొక్క అదే జాతేనా, ఏ నేలలో పెరిగింది, ఎప్పుడు కోశారు, ఎలా ఎండబెట్టారు అని బోలెడు వాదనలు నడిచాయి. నీకు అసలైన రీసెర్చ్ ఈ వాదనల్లోనే ఉంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి, మా ఇంట్లో జరిగింది కాబట్టి. మా దగ్గరి బంధువు ఒకాయన కళ్లు పచ్చబడితే నెల రోజులు పసరు తాగుతూ కూర్చున్నాడు. చివరికి స్కాన్ తీయిస్తే పిత్తనాళానికి అడ్డు పడిందని తేలింది, అప్పటికి డాక్టర్లు చేయగలిగింది పెద్దగా మిగల్లేదు. ఆ పసరు ఆయనకి నేరుగా హాని చేసిందని నేను అనను, విలువైన నెల రోజులు మాత్రం పోయాయి. అందుకే ఎవరైనా మొక్కల మీద పనిచేస్తానంటే నేను మొదట అడిగేది, మేలు కొలవడంతో పాటు కీడు కొలవడం కూడా నేర్చుకుంటావా అని.

కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం తాగని ఇల్లు లేదు కదా. అది తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై డాక్టర్లు రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, తిప్పతీగ అనుకుని అలాగే ఉండే వేరే తీగ వాడి ఉండొచ్చంది. ఎవరిది రైటో పక్కన పెట్టు, ఆ గొడవ తేలాలంటే ఏం కావాలో ఆలోచించు. రోగి ఎంత తాగాడు, ఎన్నాళ్లు తాగాడు, మానేశాక తగ్గిందా, ఇంకేం మందులు వాడుతున్నాడు, తాగిన తీగ ఏది. వీటిలో మొదటి నాలుగూ డ్రగ్ సేఫ్టీలో రోజూ వేసే ప్రశ్నలే!

ఇక ఆ ఉద్యోగం గురించి. మీ సీనియర్లు చెప్పింది సగం నిజం. మొదటి ఏడాది ఎక్కువగా కేస్ ప్రాసెసింగే ఉంటుంది. రోగి ఎవరు, చెప్పింది ఎవరు, ఏ మందు, ఏం జరిగింది, ఈ నాలుగూ ఉన్నాయా చూడాలి, జరిగినదాన్ని మెడ్రా అనే వైద్య పదాల జాబితాలోని పదాల్లోకి మార్చాలి, కథనం రాయాలి, ప్రమాదకరమైన కేసైతే గడువులోపు పంపేయాలి. షిఫ్టులు ఉంటాయి, విసుగు కూడా వస్తుంది. పైగా ఈ మొదటి మెట్టు పనిని సాఫ్ట్‌వేర్లు మెల్లగా తీసేసుకుంటున్నాయి కాబట్టి నాలుగేళ్లు అక్కడే ఉండిపోతే నష్టపోతావు. కానీ ఒక ఏడాది, ఏడాదిన్నర మనసు పెట్టి చేస్తే, ఒక మందుకీ ఒక జబ్బుకీ నిజంగా సంబంధం ఉందా అని అనుమానించే అలవాటు వస్తుంది. అది ల్యాబ్‌లో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. మన దేశంలో మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే పీవీపీఐ అనే కార్యక్రమం 2010లో మొదలైంది, ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూసుకుంటుంది. వాళ్ల ఫారం ఒకసారి తీసి చూడు, రోగి సొంతంగా వాడిన మందులు, మూలికలు రాయడానికి కూడా చోటుంది. కానీ పసరు తాగానని డాక్టరు దగ్గర నోరు విప్పేవాళ్లు ఎంతమంది? ఆ ఖాళీ గడి వెనక ఎంత కథ ఉంటుందో పసరు ఇచ్చే ఇంట్లో పెరిగిన నీకు తెలిసినంతగా వేరేవాళ్లకి తెలియదు.

రీసెర్చ్ కోసం జీప్యాట్, అంటే ఎంఫార్మసీలో చేరడానికి పెట్టే జాతీయ పరీక్ష, రాయాలి. 2024 నుంచి ఎన్‌బీఈఎంఎస్ అనే జాతీయ పరీక్షల బోర్డు పెడుతోంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, కాబట్టి ఉద్యోగం చేస్తూ కూడా రాయొచ్చు. క్వాలిఫై అయి ఎంఫార్మసీలో చేరితే నెలకు 12,400 స్టైపెండ్. నైపర్ అనే జాతీయ ఫార్మా విద్యాసంస్థకి మళ్లీ వేరే పరీక్ష, అది హైదరాబాద్ బాలానగర్‌లోనే ఉంది కాబట్టి దూరం పోనక్కర్లేదు. తర్వాత పీహెచ్‌డీకి జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకు 37,000. హైదరాబాద్‌లోనే తార్నాకలో ఐఐసీటీ, ఎన్ఐఎన్ అనే రెండు ప్రభుత్వ పరిశోధన సంస్థలూ ఉన్నాయి, ఒకచోట రసాయనం, ఇంకోచోట ఆహారం, విషప్రభావాల పరీక్షలు. వాటి వెబ్‌సైట్లలో ప్రాజెక్ట్ పోస్టుల ప్రకటనలు చూస్తూ ఉండు.

బ్రాంచి మాత్రం ఫార్మకాలజీ (మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చూసేది) లేదా టాక్సికాలజీ (విషప్రభావాలు చూసేది) తీసుకోమంటాను. నువ్వు మొక్కల మందుల సబ్జెక్టయిన ఫార్మకాగ్నసీ అనుకుంటూ ఉంటావు, నాకు తెలుసు. ఆ సబ్జెక్టు చెడ్డదని కాదు. కానీ చాలా కాలేజీల్లో ఆ ప్రాజెక్టంటే ఏదో ఒక ఆకు తెచ్చి, నీడన ఎండబెట్టి, మిథనాల్‌లో నానబెట్టి, ఎలుకలకిచ్చి, కాలేయాన్ని కాపాడింది అని థీసిస్ కట్టేయడం. ఏ పదార్థం కాపాడింది, ఎంత మోతాదులో, దానికి పది రెట్లిస్తే ఏమవుతుంది అని ఎవరూ అడగరు. గైడ్‌ని కలిసినప్పుడు ఒక్క మాట అడుగు: మీ ల్యాబ్‌లో మొక్క నుంచి పదార్థాన్ని విడదీసి నిర్ధారించే వరకూ వెళ్తారా, లేక సారంతోనే ఆపేస్తారా? సూటిగా జవాబు చెప్పని చోట చేరకు.

మేలుతో పాటు కీడు కూడా ఎందుకు కొలవాలంటే, బిళ్ళ గన్నేరు చూడు, మన పెరళ్లలో పూస్తుంది. క్వింటాళ్ల కొద్దీ ఎండు ఆకు నుంచి గ్రాముల లెక్కన తీసే విన్‌క్రిస్టిన్ పిల్లల రక్త క్యాన్సర్‌కి ప్రాణం పోసే మందు. అదే మందు సిరలోకి కాకుండా పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే మనిషి దక్కడం దాదాపు అసాధ్యం. మీ నాన్న రోజూ చూసే మిర్చి ఘాటు కూడా అంతే, అందులోని క్యాప్సైసిన్‌తో మన నరాలు వేడినీ మంటనీ ఎలా పసిగడతాయో కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది, నరాల నొప్పికి దానితో పట్టీలూ వచ్చాయి. కళ్లు మండించే పదార్థమే మోతాదు కుదిరితే మందయింది.

కాబట్టి ఉద్యోగంలో చేరు. తమ్ముడి చదువుకి నీ జీతం కావాలి, అందులో చిన్నతనం ఏమీ లేదు. సంతకం పెట్టే ముందు బాండ్ ఎన్నాళ్లో చదువు, ఏడాదిన్నర మించితే వద్దను. ట్రైనింగ్ ఫీజు కట్టమంటే అది ఉద్యోగం కాదు, వదిలేయ్. రోజూ తెల్లవారుజామున రెండు గంటలు జీప్యాట్‌కి పెట్టు. ఇంట్లో పెళ్లి మాట ఎత్తితే జీప్యాట్ రాసే తేదీ చెప్పి, అప్పటిదాకా ఆగమని నువ్వే మీ నాన్నతో నేరుగా మాట్లాడు.

ఈ లోపు ఊరెళ్లినప్పుడు మీ నాయనమ్మతో పాటు చేనుకి వెళ్లి, ఆవిడ ఏ మొక్క పీకుతుందో దాన్నే, పూతా కాయా ఉన్నప్పుడు వేరుతో సహా తీసుకో. పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, ఊరు, తేదీ, ఎంత ఆకు, దేంతో నూరుతుంది, ఎన్ని రోజులు ఇస్తుంది అన్నీ రాసుకుని, బోటనీ లెక్చరర్ చేత జాతి పేరు నిర్ధారించుకో. పసరు కోసం వచ్చేవాళ్లని ముందు రక్త పరీక్ష చేయించుకుని రమ్మని చెప్పమను. నువ్వు చెప్తే ఆవిడ వింటుంది.