సమాధానం: రెండో సర్వీసుకే పెదవులు చేతులెత్తేస్తుంటే

చర్చిలో క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆరాధనకు ట్రంపెట్ బాగానే వాయించారు, మర్నాడు పొద్దున సర్వీసులో మూడో పాటకే పై స్వరాలు పలకలేదు. గాలి చాలకనా, పెదవుల్లో బలం లేకనా అని మీ ప్రశ్న. మీరు రాసినదాన్ని బట్టి అసలు లోటు విశ్రాంతి అనిపిస్తోంది.

అలసట మొదలవగానే చెయ్యి తెలియకుండానే మౌత్‌పీస్‌ను (ట్రంపెట్‌కు నోరు ఆనించి ఊదే భాగాన్ని) పెదవులకేసి నొక్కేస్తుంది. నొక్కితే అక్కడ రక్తప్రసరణ తగ్గుతుంది, పెదవి సరిగా కంపించదు, పలకడం లేదని ఇంకా నొక్కుతాం. వాయించాక పెదవి మీద గుండ్రటి ముద్ర లోతుగా పడి చాలాసేపు పోవడం లేదంటే ఇదే జరుగుతోందని అనుమానించండి. మూతి కొసలు బిగువుగా, మధ్యభాగం వదులుగా ఉంచి, గాలితో పని చేయించండి.

సాధన ఏకబిగిన గంటసేపు వద్దు. పావుగంట చొప్పున విడగొట్టి, ఎంతసేపు వాయిస్తే అంతసేపు విశ్రాంతి తీసుకోండి. చిన్న శబ్దంతో పొడుగు స్వరాలు పట్టడం వినడానికి విసుగే కానీ, కండరాలకు అంతకన్నా మంచి పని లేదు. ఇదంతా కొన్ని వారాల ముందే మొదలవ్వాలి. చివరి వారంలో హడావిడిగా చేస్తే బలం బదులు వాపు వస్తుంది. ముందురోజు రిహార్సల్‌లో, ఎవరేమనుకున్నా సరే, సగం శబ్దంతోనే వాయించండి.

ప్రతి చరణమూ మీరే వాయించాలని రూలేమీ లేదు. క్వైర్ నడిపేవారితో మాట్లాడి మొదటి, చివరి చరణాలు మీరు తీసుకోండి, మధ్యవి ఆర్గన్‌కు వదిలేయండి. ట్రంపెట్ వాయించేవారు ఇంకొకరుంటే పై స్వరాల భాగం పాటకొకరు మార్చుకోవచ్చు. పెదవి సూది గుచ్చినట్టు నొప్పి పెడితే మాత్రం అక్కడికక్కడే ఆపేయండి.