దత్తత దరఖాస్తు ఎక్కడ ఆగుతోంది?

ప్రశ్న: దత్తత కోసం కేంద్ర ప్రభుత్వ దత్తత వెబ్‌సైట్ కేరింగ్స్ పోర్టల్‌లో నమోదై మూడు నెలలైంది. ఇల్లు చూడటానికి ఎవరూ రాలేదు. ఆశ్రమాల్లో అంతమంది పిల్లలుంటే ఈ ఆలస్యమెందుకు? ప్రభుత్వం ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ముందు మీ పత్రాలు చూసుకోండమ్మా. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంకొకటి ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. పత్రాలన్నీ అప్‌లోడ్ చేసిన 60 రోజుల్లో ఇంటి పరిశీలన నివేదిక పూర్తవ్వాలి. గడువు దాటితే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఉప్పల్ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కిందికి వస్తుంది, హైదరాబాద్ జిల్లా ఆఫీసు చుట్టూ తిరగకండి.

ఆశ్రమంలో ఉన్న ప్రతి బిడ్డనూ దత్తత ఇవ్వలేరు. చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. వదిలేసిన బిడ్డ విషయంలోనూ బాలల సంక్షేమ కమిటీ విచారించి, దత్తత ఇవ్వొచ్చని ప్రకటించాలి: రెండేళ్లలోపు బిడ్డకు రెండు నెలల్లో, పైబడితే నాలుగు నెలల్లో. కమిటీలో ఖాళీలుంటే ఆ బిడ్డ బాల్యం ఫైల్లోనే గడిచిపోతుంది. ఇది క్షమించరానిది. ఖాళీలు వెంటనే నింపాలి, సోషల్ వర్కర్లను పెంచాలి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు బదులు కలెక్టరే ఇస్తున్నారు. మంచి మార్పే, కానీ కింద నివేదిక కదలకపోతే కలెక్టరు బల్ల మీదికి ఏం వస్తుంది?

పేదరికం వల్లే బిడ్డను ఆశ్రమంలో చేర్చే తల్లికి కేంద్రం బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 స్పాన్సర్‌షిప్ (బిడ్డను ఇంట్లోనే పెంచుకునేందుకు సాయం) ఉంది. అది సకాలంలో అందేలా చూడటమూ ప్రభుత్వం పనే.